ఓవర్‌డ్రా ఉన్న పాత కాంపౌండ్ విల్లు: తీసేస్తే ఏ స్పైన్ బాణాలు వాడాలి?

1980లలో వేగం కోసం అందరూ ఎగబడిన ఓవర్‌డ్రా నా పాత కాంపౌండ్ విల్లుకి (కొమ్మల చివర చక్రాలు ఉండే విల్లు) ఇంకా ఉంది. బాణం ఆనే రెస్ట్‌ను అది పిడి కన్నా వెనక్కి, నారి వైపు జరుపుతుంది. అందుకే పొట్టి, తేలిక బాణాలు సరిపోతాయి.

డ్రా వెయిట్ (నారి లాగడానికి పట్టే బలం) 60 పౌండ్లు, డ్రా లెంగ్త్ (నారి లాగే దూరం) 28 అంగుళాలు, బాణాలు 24 అంగుళాలు, స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, తక్కువైతే బాణం గట్టిది) 600. 20 మీటర్ల దగ్గర ఎత్తులో తేడా రావట్లేదు కానీ, అడ్డంగా దాదాపు 25 సెంటీమీటర్లు చెదిరిపోతున్నాయి. రెస్ట్‌ను కొంచెం కొంచెంగా రెండు వైపులా జరిపాను. నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) మార్చాను. పిడిని వదులుగా పట్టుకుని మూడు వారాలు సాధన చేశాను. బాణం నేరుగా పోతోందో లేదో చూడ్డానికి ఎదురుగా కాగితం పెట్టి కొడితే చిరుగు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వస్తోంది. రెస్ట్ అంత వెనక ఉంటే మణికట్టు కాస్త తిరిగినా బాణం పక్కకి పోతుంది, కారణం అదేనని నా నమ్మకం. పైగా బాణం రెస్ట్ మీద నుంచి జారితే దాని మొన చేతి వెనకే ఉంటుంది, ఆ భయం వేరే.

అందుకే ఓవర్‌డ్రా తీసేసి మామూలు రెస్ట్ పెడదామనుకుంటున్నాను. బాణం పొడవు పెరిగితే మరింత వంగుతుంది కాబట్టి 600 పనికిరాదు. గుండ్రటి చక్రాల విల్లు, 29 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల (సుమారు 6.5 గ్రాముల) మొన అయితే స్పైన్ 500 తీసుకోవాలా, 400 తీసుకోవాలా?