థర్మాకోల్ ఇంక్యుబేటర్: తెల్లవారుజామున వేడి 33 దాటట్లేదు

పొట్టంగి_పెరడు (జనవరి 2021)

అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా, పొట్టంగి వైపు. ఈ నెల 8న 10, 12 తరగతులకే బడి తెరిచారు, చిన్న గుంటలంతా ఇంకా ఇంటి పట్టునే ఉన్నారు. వాళ్ల చేత నాటుకోడి గుడ్లు పొదగడానికి ఇంక్యుబేటర్ పెట్టె చేయిస్తున్నాం. గుడ్లు పెట్టలేదు, ఖాళీ పెట్టె నడుపుతున్నాం.

చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె, లోపల 45×30×30 సెం.మీ., గోడ మందం 2 సెం.మీ. 40 వాట్ల మామూలు బల్బు ఒకటి, వేడిని బట్టి బల్బుని ఆర్పి వెలిగించే డబ్ల్యూ1209 థర్మోస్టాట్ బోర్డు, పాత కంప్యూటర్ ఫ్యాను (12 వోల్టులు), 12 వోల్టుల 1 యాంపియర్ అడాప్టర్. గాలికి ఎనిమిది చిల్లులు పెట్టాం.

పగలు 37.5 నిలుస్తోంది. తెల్లవారుజామున గదిలో 11, 12 డిగ్రీలు ఉన్నప్పుడు పెట్టెలో 33 దగ్గరే ఆగిపోతోంది, బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఆ టైములో స్టెబిలైజర్ మీద వోల్టేజి 180. 100 వాట్ల బల్బు వేసేద్దామా? పగలు కూడా 35.5కి దిగి, మళ్లీ 37.5కి ఎక్కుతోంది, అలా ఊగొచ్చా? కరోనాకి కొన్న నుదుటి థర్మామీటర్ గన్ ఉంది, దాంతో సరిచూసుకోవచ్చా? నీళ్లు ఎన్ని పెట్టాలి?

గుణుపురం_వైరింగ్

100 వద్దండి. మీ పెట్టె లెక్క చూద్దాం. ఆరు పక్కలూ కలిపి 0.72 చదరపు మీటర్లు. 2 సెం.మీ. థర్మాకోల్‌లో లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 1 వాటు బయటికి పోతుంది. చిల్లుల గాలి, నీళ్లు ఆవిరవడం కలిపితే 1.3 అనుకోండి. గదిలో 12, లోపల 37.5 కావాలంటే తేడా 25.5, అంటే 33 వాట్లు. 40 బల్బు చాలాలి కదా అంటారు, కానీ అది 230 వోల్టుల దగ్గర 40. 180కి పడితే మూడో వంతు వేడి పోయి 27 మిగులుతుంది. 27ని 1.3తో భాగిస్తే 21, దానికి గది 12 కలిపితే 33. మీకు కనబడుతున్న అంకె అదే. బోర్డులో తప్పేం లేదు.

40కి తోడు 25 బల్బు ఇంకో హోల్డర్‌లో, పారలల్‌గా కలపండి. 180 వోల్టుల్లో కూడా 44 వాట్లు దక్కుతాయి. ఒకటి మాడిపోయినా రెండోది కొంత కాస్తుంది. 100 పెడితే రిలే (బల్బుని వెలిగించి ఆర్పే, బోర్డు మీది స్విచ్చు) ఆగాక కూడా బల్బు గాజులోని వేడి దిగి 38.5, 39 దాకా పోతుంది. కాంటాక్టులు అతుక్కుపోయాయంటే పెట్టె పొయ్యే.

చిల్లులు ఎనిమిదీ ఇప్పుడు అక్కర్లేదు. కింద రెండు, పైన రెండు ఉంచి మిగతావి టేపుతో మూసేయండి, కోడిపిల్లలు బయటికొచ్చే మూడు రోజులకి అన్నీ తెరవాలి. పెట్టెని నేల మీద పెట్టకండి, రాతి గచ్చు వేడి లాగేస్తుంది. చెక్క బల్ల మీద, గోడకి జానెడు ఎడంగా. రాత్రి పైన దుప్పటి కప్పండి, చిల్లుల మీద మాత్రం పడకూడదు.

ఊగడం సంగతి. ఆ బోర్డు కొత్తగా వచ్చినప్పుడు పీ1 విలువ, అంటే ఎన్ని డిగ్రీలు దిగాక మళ్లీ వెలిగించాలనేది, 2.0 ఉంటుంది, అందుకే 35.5కి దిగేదాకా బల్బు వెలగట్లేదు. సెట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది. అది హెచ్‌లో ఉండాలి, సీలో ఉంటే కూలింగ్ అన్నమాట, వేడెక్కిన కొద్దీ ఇంకా కాస్తుంది. పీ1 ని 0.3 చేయండి. సెట్ విలువ 37.7 పెడితే 37.4కీ 37.7కీ మధ్య తిరుగుతుంది. 0.1కి తగ్గించొద్దు, రిలే టకటకలాడి తొందరగా చస్తుంది.

సెన్సర్ మొన గుడ్ల పైభాగం ఎత్తులో, గుడ్లు పేర్చే జల్లెడ మధ్యలో, బల్బు కంటపడని చోట ఉండాలి. ఫ్యాను ఎప్పుడూ తిరగాల్సిందే, బల్బుతో పాటు ఆగకూడదు. గాలి బల్బు మీదుగా గోడకి కొట్టి తిరిగి రావాలి, నేరుగా గుడ్ల మీద పడితే అటు వరస ఎండిపోతుంది. బల్బుకీ థర్మాకోల్‌కీ మధ్య కనీసం 10 సెం.మీ. ఎడం, మధ్యలో రేకు. 80 డిగ్రీలు దాటితే థర్మాకోల్ మెత్తబడి కుంగుతుంది, తర్వాత అంటుకుంటుంది కూడా. బల్బు మీద చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బా బోర్లిస్తే పుట్టిన కోడిపిల్లలు వెళ్లి కాలవు.

మీ ఇంటి పిల్లలు చేస్తున్నారన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నా. రిలే దగ్గరికి వచ్చేది 230 వోల్టులు, బోర్డు వెనక టంకం పాయింట్లన్నీ తెరిచే ఉంటాయి. బోర్డుని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మూత వేశాకే ప్లగ్గు పెట్టండి. ఫేజు రిలే గుండా పోవాలి, న్యూట్రల్ కాదు. 230 వైరింగ్ పెద్దాళ్లే చేయాలి.

పర్లాకిమిడి_కోళ్లగూడు

నుదుటి గన్ పక్కన పెట్టండి. బాడీ మోడ్‌లో అది నుదుటి చర్మం వేడి చూసి, లోపలి జ్వరం ఎంతుంటుందో లెక్క కట్టి చూపిస్తుంది. గుడ్డు మీద ఆ అంకెకి అర్థం లేదు. సర్ఫేస్ మోడ్ ఉంటే జల్లెడలో ఏ మూల వేడి, ఏ మూల చల్లన అని పోల్చుకోడానికి పనికొస్తుంది, అంతే.

సరిచూడ్డానికి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరే మేలు. స్టీలు గ్లాసులో 37, 38 దగ్గరుండే గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మామీటర్ మొననీ సెన్సర్ మొననీ రబ్బరు బ్యాండుతో కట్టి ముంచి, మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి. థర్మామీటర్ 37.4 అని, బోర్డు 36.6 అని చూపిస్తే బోర్డులో తేడా సరిచేసే పీ4లో 0.8 కలపాలి. ఫారెన్‌హీట్ అయితే మనకి కావాల్సింది 99.5. పాదరసందైతే నీళ్లు 42 డిగ్రీలు దాటనివ్వకండి, గాజు పగులుతుంది. పైగా అది ఎక్కిన చోటే ఆగుతుంది కాబట్టి ప్రతిసారీ విదిలించాలి.

ఇక నీళ్లు. మీ చలికాలపు గాలికి తేమ ఉన్నట్టే అనిపిస్తుంది, మంచు కూడా కురుస్తుంది. కానీ 10 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 37.5కి కాస్తే అది 15 శాతం అయిపోతుంది. గుడ్డుకి మొదటి 18 రోజులు 50 నుంచి 55, చివరి మూడు రోజులు 65 నుంచి 70 కావాలి. తేమని పెంచేది నీళ్ల లోతు కాదు, వెడల్పు. వెడల్పాటి పళ్లెం అడుగున పెట్టి, చాలకపోతే నూలుగుడ్డ సగం ముంచి సగం బయటికి వేయండి. నీళ్లు గోరువెచ్చగా, బయటినుంచి సెలైన్ గొట్టంతో పోసుకుంటే మూత తీసే పని ఉండదు.

చవక డిజిటల్ తేమ మీటర్లు 5 శాతం, ఒక్కోటి అంతకన్నా ఎక్కువే తప్పుతాయి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున్న 75 చూపించాలి. 69 చూపిస్తే ఆ 6 ఎప్పుడూ కలుపుకోవాలి.

అయినా నా మాటకైతే మీటర్ కన్నా వంటింటి త్రాసు నమ్మకం. పొదిగే గుడ్డు 18వ రోజుకి తన బరువులో 11 నుంచి 13 శాతం పోగొట్టుకోవాలి. ఇరవై గుడ్లు, ఒక్కోటి 45 గ్రాములనుకుంటే మొత్తం 900. అంటే 18 రోజుల్లో సుమారు 108 తగ్గాలి, రోజుకి 6 గ్రాములు. మూడు రోజులకోసారి జల్లెడతో సహా తూచండి. ఆరు రోజులకి 36 తగ్గాల్సింది 50 తగ్గితే నీటి పళ్లెం పెద్దది చేయాలి, 20 తగ్గితే చిన్నది. గాలిగది (గుడ్డు లావు వైపు లోపలుండే గాలి ఖాళీ) బాగా పెరగాలంటే ఈ బరువు పోవాల్సిందే. తేమ ఎక్కువైపోతే పిల్ల నీరుబట్టి, ముక్కు గాలిగదికి అందక పెంకులోనే పోతుంది. తక్కువైతే పొర తోలులా బిగిసి కదలనివ్వదు.

కోడి పెట్టి వారం దాటని గుడ్లే ఏరుకోండి. కడగొద్దు, మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. గూట్లో రాత్రంతా వదిలేసిన గుడ్లు మీ చలికి బాగా చల్లబడతాయి, సాయంత్రమే తీసి మొన కిందికి ఉండేలా అట్టలో, 15 నుంచి 18 డిగ్రీలుండే మూల పెట్టాలి. ఇంక్యుబేటర్‌లోకి వేసేముందు నాలుగైదు గంటలు గదిలో ఉంచి గది వేడికి రానివ్వండి. చల్లటి గుడ్డుని నేరుగా వేస్తే పెంకు చెమర్చి, ఆ తడితో క్రిములు రంధ్రాల్లోకి పోతాయి. చేతికి శానిటైజర్ తడి ఉండగా ముట్టుకోవద్దు, సబ్బుతో కడిగి తుడుచుకుంటే చాలు.

గుడ్డు మీద పెన్సిల్‌తో ఒకపక్క గుణకారం గుర్తు, రెండోపక్క సున్నా. రోజుకి మూడుసార్లో ఐదుసార్లో తిప్పాలి, సరిసంఖ్య వద్దు. బేసి అయితే రాత్రి పొడుగు విరామం ఒకరోజు ఒకపక్క, మర్నాడు రెండోపక్క పడుతుంది. 18వ రోజుతో తిప్పడం ఆపేయాలి.

సాలూరు_రోడ్డు

పొదుగుకొచ్చిన పెట్ట ఉండగా ఇంత తంటా ఎందుకు మాస్టారూ? గంపలో గడ్డేసి పది గుడ్లు పెడితే వేడి, తేమ, తిప్పుడు అన్నీ అదే చూసుకుంటుంది.

పర్లాకిమిడి_కోళ్లగూడు

నిజమే, పెట్టని మించింది లేదు. కానీ పెట్ట పదీ పన్నెండుకి మించి కప్పలేదు, అదీ మనం అనుకున్నప్పుడు పొదుగుకి రాదు. పొదిగి పిల్లల్ని తిప్పినన్నాళ్లూ గుడ్లు పెట్టదు. పెట్ట ఉంటే మాత్రం వదులుకోవద్దు, ఇంక్యుబేటర్ పిల్లల్ని పుట్టిన రాత్రే చీకట్లో దాని కిందకి తోస్తే చాలావరకు చేర్చుకుంటుంది. మొదటి అరగంట దగ్గరుండి చూడాలి, పొడిస్తే తీసేయాలి.

పొట్టంగి_పెరడు

పీ1 మార్చాక ఊగడం ఆగిపోయింది, 25 బల్బు కూడా పెట్టాం. రాత్రి 37.4 కిందికి దిగలేదు. ఇంకో రెండు సందేహాలు. మాకు కరెంటు పోతే ఒక్కోసారి మూడు, నాలుగు గంటలు రాదు. గుడ్డు బతికుందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

గుణుపురం_వైరింగ్

గంటా రెండు గంటలైతే దుప్పటి కప్పి, చిల్లులు సగం మూసి, మూత ముట్టకుండా ఉండండి. అంతకుమించితే 45 డిగ్రీల నీళ్లు రెండు లీటరు సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి, గుడ్లకి తగలకుండా మూలల్లో పెట్టండి. చల్లబడితే పిల్ల ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. 40 దాటి కాసేపు ఉందంటే చస్తుంది. కాబట్టి కంగారుపడి మరిగే నీళ్లు పెట్టొద్దు.

కోతలు రోజూ ఉంటే 12 వోల్టుల బ్యాటరీ ఏర్పాటు మేలు. ఆటో ఇండికేటర్ బల్బులు 21 వాట్లవి రెండు హోల్డర్లతో సహా కొనండి, బోర్డూ ఫ్యానూ ఎలాగూ 12 వోల్టులే. బల్బులు సగానికి పైగా సమయం వెలిగినా మొత్తం 2.5 యాంపియర్లలోపే లాగుతుంది. 35 ఏహెచ్ (యాంపియర్-అవర్) కారు బ్యాటరీని సగం దాకా వాడుకుంటే ఏడు గంటలు వస్తుంది. బైకు బ్యాటరీ 5 ఏహెచ్, గంటకి మించదు. ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే 10 యాంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ఛార్జరు మీద ఉండగా బోర్డు కలపొద్దు, 14 వోల్టులు దాటుతుంది.

పర్లాకిమిడి_కోళ్లగూడు

ఏడో రోజు రాత్రి చూడండి. అట్ట గొట్టంలా చుట్టి మొబైల్ టార్చి మీద పెట్టి, గుడ్డు లావు వైపు ఆనించాలి. మధ్యలో నల్లచుక్క, దాన్నుంచి సాలీడు కాళ్లలా ఎర్ర నరాలు కనిపిస్తే బతికున్నట్టు. అంతా పసుపుగా వెలిగితే కట్టని గుడ్డు, అంటే పిల్ల పట్టనిది. నరాలు లేకుండా ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే మొదట్లోనే చచ్చింది. 14వ రోజు ఇంకోసారి చూసి పోయినవి ఏరేయండి, కుళ్లిన గుడ్డు పగిలిందంటే పెట్టె అంతా పాడు. ముదురు గోధుమ పెంకైతే ఏడున సరిగా కనబడదు, పదో రోజు దాకా ఆగండి.

18 తర్వాత మూత తెరవకూడదు. చూడ్డానికి వీధి వీధంతా వస్తుంది, కరోనా పేరు చెప్పి పంపేయండి. జల్లెడలో న్యూస్‌పేపర్ వేస్తే జారి కాళ్లు చీలిపోతాయి, గరుకు తువ్వాలు వేయాలి. పెంకుకి చిల్లు పడ్డాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. పెంకు ఒలిచి సాయం చేయొద్దు, రక్తనాళాలు తెగుతాయి. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి ఒకరోజు మేత లేకపోయినా ఏం కాదు, వెంట్రుకలు ఆరి పొంగాకే తీయండి. అన్నీ 19, 20కే వచ్చేస్తే మీ వేడి ఎక్కువ, 22 దాటి ఈడిస్తే తక్కువ.

బయటికొచ్చాక మీ ఊళ్లో అసలు గండం చలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి మూడేసి తగ్గించాలి. పిల్లకి 2 వాట్ల లెక్కన బల్బు, పదిహేను పిల్లలకి 40 సరిపోతుంది. అట్టపెట్టె సగానికే బల్బు ఉండాలి, రెండో సగం చల్లగా వదలాలి. బల్బు కింద కుప్పపడి అరుస్తుంటే కిందికి దించండి, మూలలకి పారిపోయి నోరు తెరిస్తే పైకెత్తండి. కింద రెండంగుళాల వరి ఊక, మొదటి రెండురోజులు దానిమీద గోనె పరవాలి, లేకపోతే ఊకే తింటాయి. తలుపులన్నీ మూసి కుంపటి పెట్టడం మాత్రం వద్దు, బొగ్గు పొగతో కోడిపిల్లలే కాదు, గదిలో పడుకున్న మనుషులూ పోతారు. మేతకి మొక్కజొన్న నూక, రాగులు ఒక్కటే చాలవు, మొదటి నెల చిక్ స్టార్టర్ (కోడిపిల్లల దాణా) కలపండి.

కొక్కెర తెగులు టీకా లసోటా ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక చుక్క. చిన్న సీసానే 100 డోసులు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. చుట్టుపక్కల కోడిపిల్లలున్నవాళ్లంతా కలిసి ఒకటే కొనుక్కోండి, ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. ఈ నెలలోనే మహారాష్ట్ర పర్భణీలో కోళ్లకి బర్డ్ ఫ్లూ తేలింది, కొన్నాళ్లు సంతలో కొన్న కోడిని ఈ పిల్లల దగ్గరికి రానివ్వకండి. ఎన్ని వచ్చాయో, ఎన్ని గుడ్లు పెంకులోనే ఆగాయో రాయండి. ఆగినవి పగలగొట్టి చూస్తే ఏ రోజున ఆగాయో తెలుస్తుంది, దాన్నిబట్టి వచ్చేసారి ఏం సరిచేయాలో చెప్పొచ్చు.