అప్‌డేట్: బ్లూ స్క్రీన్లు ఆగాయి, తప్పు ర్యామ్‌ది కాదు

పోయిన వారం అడిగాను కదా, అమీర్‌పేటలో మా ఇంట్లో ఉన్న పాత డీడీఆర్3 (పాత తరం ర్యామ్) డెస్క్‌టాప్ రోజూ బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే నీలం తెర) వేసి రీస్టార్ట్ అవుతోందని. మీరు చెప్పినట్టే పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌లో తప్పులున్నాయేమో పరీక్షించే ప్రోగ్రామ్) నడిపాను. రెండు 4 జీబీ ర్యామ్ స్టిక్‌లూ కలిపి పెడితే తెర నిండా ఎర్రర్లు చూపే ఎర్రటి గీతలే, చూస్తేనే టెన్షన్. ఒక్కొక్కటీ విడిగా మొదటి స్లాట్‌లో పెడితే మాత్రం రెండూ పాసయ్యాయి! రెండో స్లాట్‌లో ఏది పెట్టినా ఎర్రర్లే.

స్లాట్‌లో దుమ్ము బ్రష్‌తో దులిపి, స్టిక్‌ల అంచులు పిల్లాడి రబ్బరుతో తుడిచాక చాలావరకు తగ్గాయి. ర్యామ్ 1600 స్పీడ్‌లో ఇంకా ఒకటీ అరా ఎర్రర్ వస్తుంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగ్స్‌లో) 1333కి దించాను. రాత్రంతా నడిపినా ఒక్క ఎర్రర్ లేదు. స్పీడ్ తగ్గిందని మా ఇంట్లో ఎవరూ గమనించలేదు.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొనబోయాను, ఆ డబ్బు మిగిలింది.