విద్యార్థులు ఈమెయిల్ చర్చలో ఒకరికొకరు బదులివ్వాలంటే ఏం చేయాలి?

కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తరగతిలో నోరు విప్పనివారు రాతలోనైనా సందేహాలు బయటపెడతారన్న ఆశతో అందరికీ ఒకేసారి చేరే ఈమెయిల్ చర్చ ప్రారంభించాను. బల్లపై ఉన్న పుస్తకం బరువు, బల్ల దానిని పైకి నెట్టే బలం న్యూటన్ మూడో నియమం చెప్పే చర్య, ప్రతిచర్యల జంట అవుతాయా అని అడిగితే, చాలామంది అవునంటూ నాకు మాత్రమే జవాబు పంపారు. చర్య, ప్రతిచర్యలు వేర్వేరు వస్తువులపై పనిచేయాలి, ఇక్కడ రెండు బలాలూ ఒకే వస్తువుపై, అంటే పుస్తకంపై, పనిచేస్తున్నాయి కనుక జంట కావని నేను రాయగానే చర్చ ఆగిపోయింది.

తప్పును తోటివారే సరిదిద్దేదాకా నేను మౌనంగా ఉంటే, ఆ తప్పే మిగతావారి మనసులో నాటుకుపోదా? పాల్గొన్నందుకు మార్కులివ్వడం నాకు అంతగా నచ్చదు. ఇచ్చి చూసినవారు ఫలితం ఎలా ఉందో దయచేసి తెలియజేయగలరు.