నాస్‌ నిర్వహణ: వెబ్ పేజీ చాలదా, కమాండ్ లైన్ తప్పదా?

ముహూర్తాల_ఫొటో (కూకట్‌పల్లి):
మా స్టూడియోలో పెళ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ నాలుగు డిస్కుల నాస్‌ పెట్టెలో (నెట్‌వర్క్ మీద అందరికీ ఫైళ్లు పంచే నిల్వ కంప్యూటర్; మాది ట్రూనాస్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది) ఉంటాయి. నిన్న పెద్ద కాపీ నడుస్తుండగా దాన్ని నిర్వహించే వెబ్ పేజీ తెరుచుకోలేదు. ఫోల్డర్లు మాత్రం అందరికీ మామూలుగానే వచ్చాయి. ఎస్‌ఎస్‌హెచ్‌ (వేరే కంప్యూటర్ నుంచి లాగినై కమాండ్లు కొట్టే పద్ధతి) నేర్చుకోమని ఒకరు, ఎస్‌ఎన్‌ఎంపీ (పెట్టె పరిస్థితిని నెట్‌వర్క్ మీద గమనించే పద్ధతి) పెట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

నల్లతెర:
ఎస్‌ఎస్‌హెచ్‌. ఇందులో చర్చే లేదు. వెబ్ పేజీని నడిపే ప్రోగ్రాం వేరు, ఫైళ్లు పంచే సాంబా వేరు. మొదటిది మొరాయించినా రెండోది పని చేస్తూనే ఉంటుంది. అప్పుడు లోపలికి వెళ్లి 'జెడ్‌పూల్ స్టేటస్' కొడితే ఏ డిస్కు బాగుంది, దేనిలో చెక్‌సమ్ తప్పులు (రాసిన డేటాకూ చదివిన డేటాకూ పొంతన లేకపోవడం) వస్తున్నాయి, చివరి స్క్రబ్ (డేటా మొత్తాన్ని చదివి సరిచూసే తనిఖీ) ఎప్పుడు జరిగింది, అంతా తేలిపోతుంది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే 'స్మార్ట్‌సీటీఎల్' పట్టిక. 197 నంబరు వరుసలో (డిస్కు చదవలేకపోతున్న భాగాల లెక్క) సున్నా కాక ఇంకేమైనా ఉంటే ఆ డిస్కు మీద ఆశ పెట్టుకోకండి. 199 (డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా రవాణాలో తప్పుల లెక్క) పెరుగుతుంటే మాత్రం డిస్కును తిట్టకండి, ముందు కేబుల్ మార్చండి.

ప్యారడైజ్_పక్కన:
చూడడానికి సరే, మార్చడానికి? ట్రూనాస్ తన సెట్టింగులను సొంత డేటాబేస్‌లో దాచుకుంటుంది. మీరు షెల్‌లో (కమాండ్లు కొట్టే తెరలో) దూరి సాంబా ఫైలును చేత్తో దిద్దితే, రీబూట్ కాగానే దాన్ని మళ్లీ పాత రూపంలోనే రాసేస్తుంది. కొత్తవారికి ఇలాంటి సలహా ఇవ్వడం ధర్మం కాదు.

నల్లతెర:
దిద్దమని నేనెక్కడ రాశాను?

ప్యారడైజ్_పక్కన:
రాయలేదు. కానీ ఇవాళ చూసినవాడు రేపు దిద్దుతాడు.

గ్రాఫుల_పిచ్చి:
ఎస్‌ఎన్‌ఎంపీ పెట్టి, గ్రాఫులు గీసే గ్రాఫానాలో చూసుకోండి. ఖాళీ స్థలం, నెట్‌వర్క్ రద్దీ అన్నీ కళ్ల ముందుంటాయి. గొడవ వదిలిపోతుంది.

నల్లతెర:
ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్‌లో పాస్‌వర్డులా వాడే కమ్యూనిటీ పేరు ఏ ముసుగూ లేకుండా వైరు మీద పోతుంది. చాలామంది దాన్ని 'పబ్లిక్' అనే వదిలేస్తారు. పెడితే మూడో వెర్షన్ పెట్టాలి, గుప్తీకరణతో.

గ్రాఫుల_పిచ్చి:
నలుగురుండే స్టూడియోలో ఎవరు పొంచి వింటారండీ?

నల్లతెర:
వైఫై పాస్‌వర్డు పెళ్లికొడుకు తమ్ముడికి కూడా చెప్పే స్టూడియోలోనా?

మల్కాజిగిరి_మూర్తి:
ట్రూనాస్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేయడానికి ఆ తెరుచుకోని పేజీకే వెళ్లాలి కదా?

నల్లతెర:
పెట్టెకు మానిటర్, కీబోర్డ్ తగిలించండి. కన్సోల్ మెనూలోనే షెల్ ఉంది.

ప్యారడైజ్_పక్కన:
మీ నల్లతెర పాండిత్యం మాకు బాగా తెలుసు. మా ఆఫీసులో పాత అడ్మిన్ అన్నీ స్క్రిప్టులతోనే నడిపాడు. ఎస్‌ఎస్‌హెచ్‌ తాళం అతని లాప్‌టాప్‌లో, హెచ్చరికలు అతని మెయిల్‌కు. అతను బెంగళూరు వెళ్లిపోయాక ఒక డిస్కు పోయింది. ఎవరికీ తెలియలేదు. తెలిసి సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల బజారుకు) వెళ్లి కొత్తది తెచ్చేలోగా రెండోదీ పోయింది. అక్కడి డిస్కుల అమరిక రెయిడ్‌జెడ్1; అది తట్టుకునేది ఒక్క డిస్కు పోవడాన్నే. బిల్డింగు ప్లాన్లన్నీ గంగపాలు.

నల్లతెర:
నా కథ కూడా వినండి. ఒక యజమానికి మర్యాదగా వెబ్ పాస్‌వర్డు ఇచ్చాను. స్థలం చాలడం లేదన్న హెచ్చరిక చూసి, ఆయన స్నాప్‌షాట్లన్నీ (ఫైళ్లను పాత స్థితికి తిప్పుకునేందుకు దాచినవి) ఎంచుకుని ఒక్క నొక్కుతో తుడిచేశారు. తర్వాత అకౌంట్స్ కంప్యూటర్‌లోంచి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చి ఫైళ్లన్నీ గిలకొట్టింది. వెనక్కి తిప్పడానికి ఒక్క స్నాప్‌షాటూ లేదు. నింద నా మీద, చివరి బిల్లు ఎగవేత అదనం.

ప్యారడైజ్_పక్కన:
అలా చెప్పండి! యజమాని చేతిలో తాళం పెట్టడం మీకిష్టం లేదు. అందుకే ఎవరికీ అర్థం కాని తెరను పొగుడుతున్నారు.

నల్లతెర:
ఇష్టం లేదు, నిజమే. కొత్త ట్రూనాస్‌లో చూడడానికి మాత్రమే వీలున్న అడ్మిన్ పాత్ర ఉంది. అది ఇస్తాను. తుడిచే హక్కు ఇవ్వను.

ప్యారడైజ్_పక్కన:
డబ్బు ఆయనది, డిస్కులు ఆయనవి. హక్కు ఇవ్వడానికి మీరెవరు?

నల్లతెర:
డేటా పోయిన రోజు అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాడిని.

ముహూర్తాల_ఫొటో:
అన్నలూ, నేనే యజమానిని, నేనే అడ్మిన్‌ను. కీబోర్డ్ తగిలించి చూశాను. మూడో డిస్కులో 197 సున్నా, 199 మాత్రం పెరుగుతోంది. కేబుల్ మారుస్తాను.

ప్యారడైజ్_పక్కన:
మంచిది తమ్ముడూ. అడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచు.

నల్లతెర:
ఉంచకండి.