వైజాగ్ – గన్నవరం విమానం: ఉన్నది 290 కిలోమీటర్లు, పట్టేది గంటా?

ఆమదాలవలస అబ్బాయి:
నాన్నని మంగళగిరి ఎయిమ్స్‌లో చూపించాలి. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు కూర్చోలేరు. వైజాగ్ నుంచి గన్నవరానికి విమానంలో దాదాపు గంట అంటున్నారు. దూరం మాత్రం ఒకచోట 156, ఇంకోచోట 180, మరోచోట 290 అని ఉంది. ఏది నమ్మాలి? మనవైపు వాళ్లకి విమానం కలిసొస్తుందా?

నాగావళి గట్టు:
మూడూ కరెక్టే. 156 నాటికల్ మైళ్లు (ఓడలకీ విమానాలకీ వాడే కొలత), 180 మామూలు మైళ్లు, 290 కిలోమీటర్లు. అదంతా తాడు లాగినట్టు తిన్నగా కొలిచింది. రైలు పట్టాల మీదైతే 350 కిలోమీటర్లు. ఇక గంటంటారా, విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా ఉన్న టైమే టికెట్ మీద వేస్తారు. రన్‌వే దాకా పాకడం, వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే. గాల్లో ఉండేది ముప్పావుగంటే. అందులోనూ విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికే సగం పోతుంది.

కోట జంక్షన్:
ఆ గంట సంగతి వదిలేయండి, మిగతా ఐదు గంటలు చూడండి. మొన్న శ్రీకాకుళంలో అత్తగారింటి నుంచి బయల్దేరాం. ఎయిర్‌పోర్టుకి రెండున్నర గంటలు చాలనుకున్నాం. తగరపువలస దాకా బాగానే వచ్చాం. హనుమంతవాక దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కదా, మేం వెళ్లేసరికి నాలుగు నిమిషాలు దాటింది. ఆ అమ్మాయి టేబుల్ మీద ట్యాగులు సర్దుకుంటూ "సారీ సార్" అంది, అంతే. మా ఆవిడ ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది.

నాగావళి గట్టు:
ఆవకాయ హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర ఎలాగూ ఆపేసేవారు లెండి :)

పలాస ప్యాసింజర్:
తమ్ముడూ, నాన్నగారికి రైలే సుఖం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లోనే ఎక్కొచ్చు కదా! రాత్రి బండిలో సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ బెర్త్ చూడు. కాళ్లు చాపుకుని పడుకుంటే తెల్లారేసరికి బెజవాడ. విమానమైతే కారులో కూర్చోవాలి, లాంజ్‌లో కూర్చోవాలి, సీట్లో కూర్చోవాలి, గన్నవరంలో దిగి మళ్లీ కారు. మోకాళ్లు మడవని టైమంటూ ఉండదు. అయినా విమానమే అనుకుంటే టికెట్‌తో పాటే వీల్‌చైర్ అడుగు. చిన్న విమానమైతే మెట్లున్నాయా, ర్యాంపు ఉందా అన్నది కూడా కనుక్కో.

కోట జంక్షన్:
వైజాగ్‌కి ఇవతల, మనవైపున్న భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు తిరిగితే ఈ గోలంతా ఉండదు. 2023 మేలో శంకుస్థాపన చేశారు. తమాషా ఏంటంటే వైజాగ్ నుంచి కంటే అక్కడి నుంచి గన్నవరం మరో నలభై కిలోమీటర్లు ఎక్కువ దూరం. గాల్లో అది ఐదు నిమిషాల పని. రోడ్డు మీద మనకి గంట పైనే మిగులుతుంది.

ఆమదాలవలస అబ్బాయి:
అందరికీ థాంక్సండీ. వెళ్లడానికి రైల్లో లోయర్ బెర్త్ దొరికింది. ఎప్పుడూ విమానం ఎక్కలేదని నాన్న గొడవ. తిరుగు ప్రయాణం మాత్రం పగటి విమానానికే తీశాను, వీల్‌చైర్ కూడా చెప్పాను. కిటికీ సీటు ఎటువైపు తీసుకోవాలి?

నాగావళి గట్టు:
గన్నవరం నుంచి వచ్చేటప్పుడు సముద్రం కుడివైపు. మబ్బు లేకపోతే రాజమండ్రి దగ్గర గోదావరి కూడా కనిపిస్తుంది, నాన్నగార్ని నిద్రపోనివ్వకండి.