అమ్మానాన్నలతో రోమ్: ఎక్కడ ఉండాలి, ఏం తినాలి?

అక్టోబర్‌లో అమ్మానాన్నలను రోమ్ తీసుకెళ్తున్నాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. పెద్దవాళ్లతో అక్కడ తిరిగి వచ్చినవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

ఫ్యుమిచినో ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ అరగంటకు కాస్త అటూఇటూగా నేరుగా టెర్మినీ స్టేషన్‌కి చేరుస్తుంది కాబట్టి అక్కడే గది చూస్తున్నాను. రాత్రిపూట ఆ చుట్టుపక్కల ఇబ్బందా? వాటికన్ పక్కనున్న ప్రాతి ఏరియా నయమా?

నా అసలు భయం నడక. పాత నగరంలో చాలా వీధుల్లో చిన్న చిన్న నల్లరాళ్లు పరిచి ఉంటాయి, ఎగుడుదిగుడుగా. కొలోసియం, ఫోరం (పాత రోమన్ కట్టడాల శిథిలాలు), పాలటైన్ గుట్ట ఒకే టికెట్‌లో వస్తాయి గానీ, అవన్నీ ఒక్కరోజులో నాన్నతో నడిపించడం అన్యాయం. కొలోసియం ఒక్కటీ లోపల చూపించి, ఫోరంని కాపిటొలైన్ గుట్ట మీంచి చూపిస్తే చాలంటారా? మెట్లెక్కే పని లేకుండా టాక్సీ పైదాకా వెళ్తుందా? వాటికన్ మ్యూజియంలో వీల్‌చైర్ అక్కడికక్కడే ఇస్తారా, ముందే చెప్పాలా?

ఇక తిండి. చీజు, మిరియాలతో చేసే పాస్తా, కాచో ఎ పేపే, అమ్మకు సరిపోతుందనుకున్నాను. కానీ అందులో వేసే పెకొరీనో రొమానో చీజుని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో పేరబెడతారు. తాజా పాస్తా అయితే పిండిలోనే గుడ్డు కలిపే అవకాశం ఉంది. చీజు లేని మారినారా పిజ్జా ఒక్కటే ధైర్యంగా పెట్టగలను. రోజూ అదే పెట్టలేను కదా! టెర్మినీ దగ్గర అన్నం, పప్పు దొరికే మంచి హోటల్ ఏదైనా ఉందా? వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోవడమే మేలా?