బీపీ బాగానే ఉంటే రెండో రోజు ఐవీహెచ్ (మెదడు లోపలి ద్రవపు గదుల్లో రక్తస్రావం) ఎందుకొస్తోంది?

పీడియాట్రిక్స్ పీజీ:
26 వారాలకే పుట్టిన బిడ్డ, బరువు 800 గ్రాములు అనుకుందాం. తొలి గంటల్లో తల స్కాన్ నార్మల్. మీన్ బీపీ 27, వారాల లెక్కన చాలు. అయినా ఇలాంటి పిల్లల్లో కొందరికి 36 గంటలకల్లా గ్రేడ్ 3 బ్లీడ్ (ఆ గదులు ఉబ్బేంత తీవ్రమైనది) కనిపిస్తుంది. బీపీ పడనప్పుడు నాళం ఎందుకు చిట్లుతుంది సర్? ముందే సెలైన్ బోలస్ (ఒకేసారి ఎక్కించే ద్రవం) ఇస్తే ఆగుతుందా?

నియోనటాలజిస్ట్:
బీపీ వేరు, ఫ్లో (రక్తప్రవాహం) వేరు. బొడ్డుతాడు కత్తిరించగానే మాయ సర్క్యూట్ పోతుంది, గుండె ఎడమ జఠరిక మీద ఆఫ్టర్‌లోడ్ (రక్తాన్ని బయటికి నెట్టడానికి ఎదురయ్యే భారం) ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వయసు గుండె దానికి తట్టుకోలేదు. నాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి, మెదడుకి మాత్రం రక్తం తగ్గిపోతుంది. సిడ్నీలో క్లకో, ఎవాన్స్ 2000లో ఎస్వీసీ (తల, చేతుల నుంచి రక్తాన్ని గుండెకి తెచ్చే పెద్ద సిర) ఫ్లో కొలిచి చూపింది ఇదే. మొదటి 12 గంటల్లో ఫ్లో పడింది, ఆ తర్వాత కోలుకుంది. బ్లీడ్ వచ్చింది కోలుకున్నాకే! ఎండిన కాలువకి ఒక్కసారి గేట్లెత్తితే గట్టు తెగినట్టు. ఆటోరెగ్యులేషన్ (బీపీ మారినా మెదడు తన రక్తప్రవాహాన్ని నిలకడగా ఉంచుకోవడం) సరిగా లేదు, జర్మినల్ మ్యాట్రిక్స్ (ఆ గదుల పక్కనే ఉండే లేత కణజాలం) నాళాల గోడలు మరీ పల్చన. రక్తం పోయిన ఆధారం లేకుండా బోలస్ తోస్తే ఆ గేట్లు మనమే ఎత్తినట్టు. నిజంగా అవసరమైతే కిలోకి 10 మి.లీ., 30–60 నిమిషాల్లో నెమ్మదిగా.

ఎన్‌ఐసీయూ నర్స్:
72 గంటలు తల మధ్యలోనే ఉంచండి. పక్కకి తిప్పితే మెడలో సిర నొక్కుకుని మెదడు నుంచి రక్తం దిగదు. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు పట్టి పైకి లేపొద్దు, ఒంటిని కొంచెం ఒరిగిస్తే చాలు. యూఏసీ (బొడ్డు ధమనిలో పెట్టిన గొట్టం) నుంచి శాంపిల్ తీయడానికి కనీసం 30 సెకన్లు పట్టాలి, ఫ్లష్ కూడా అంతే. టైమ్ అయిందని సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) వేయకండి. హడావుడి డ్యూటీలో ముందు తప్పేది ఇదే.

పీడియాట్రిక్స్ పీజీ:
మరి ఎకోలో ఎస్వీసీ చూసి మందు మొదలుపెట్టొచ్చా?

ఎకో చేసే నియోనటాలజిస్ట్:
ఒక్క రీడింగ్‌తో వద్దు. కటాఫ్‌గా కిలోకి నిమిషానికి 41 మి.లీ. వాడతారు గానీ, లెక్కలో వ్యాసం వర్గమవుతుంది. 3 మి.మీ.ని 3.5 అని చదివితే ఫ్లో 36 శాతం ఎక్కువ వచ్చేస్తుంది. నాలుగైదు బీట్ల సగటు తీయండి, ట్రెండ్ చూడండి. ఫ్లో తక్కువగా ఉంటే డోపమిన్ కంటే డోబ్యుటమిన్ నయం. డోపమిన్ బీపీ అంకెని పెంచుతుంది, ఫ్లోని అంతగా కాదు.

అంతకంటే ముందు వెంటిలేటర్ చూడండి. సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండేలా చేసే మందు) ఇచ్చాక ఊపిరితిత్తులు మెత్తబడతాయి, అదే ప్రెషర్‌కి టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి) ఎగబాకి రక్తంలో సీఓటూ 35 mmHg కిందకి జారుతుంది. దాంతో మెదడు నాళాలు ముడుచుకుంటాయి. కంగారుపడి సెట్టింగ్ తగ్గిస్తే 60 దాటుతుంది, అవే నాళాలు విచ్చుకుంటాయి. వాల్యూమ్ గ్యారంటీ (ఒక్కో శ్వాసకి గాలి పరిమాణాన్ని నిలకడగా ఉంచే వెంటిలేటర్ మోడ్) కిలోకి 4–5 మి.లీ. పెట్టి, సీఓటూ 45–55 మధ్య ఆపండి.

నియోనటాలజిస్ట్:
ఇంకోటి, 28 వారాల లోపు బొడ్డుతాడులోని రక్తాన్ని బిడ్డ వైపు పిండొద్దు. 2019లో వచ్చిన ప్రీమాడ్2 ట్రయల్‌లో 23–27 వారాల పిల్లల్లో తాడు పిండినవాళ్లకి తీవ్రమైన బ్లీడ్ 22 శాతం, ఆగి కత్తిరించినవాళ్లకి 6 శాతం. బిడ్డ పరిస్థితి ఒప్పుకుంటే కనీసం 60 సెకన్లు ఆగి క్లాంప్ వేయండి.